గడ్డి దుడ్డె, ఎర్ర గొళ్లెం

కిషన్‌బాగ్ సినిమా ప్రియులకు, గోడకు చెవి ఆనించి వినే అలవాటున్న ఇరుగుపొరుగు వారికి తెలియజేయడమేమనగా, పాల సాయిలు కొడుకు వేణుగోపాల్ తీసిన ‘ఎర్ర గొళ్లెం’ అనే సస్పెన్స్ చిత్రం నకలా, నివాళా అన్న విషయం మీద ఏర్పాటైన నిజనిర్ధారణ సంఘం తన పని పూర్తి చేసింది. సంఘానికి కార్యదర్శిని నేనే కాబట్టి, జరిగింది జరిగినట్టు మీ ముందు పెట్టే బాధ్యత నా మీద పడింది. జరగనిది ఎక్కడైనా కాస్త కలిస్తే దాన్ని కూడా నివాళిగానే స్వీకరించ ప్రార్థన.

ముందుగా సభ్యుల అర్హతలు. అధ్యక్షులు బాలరాజ్ గారు నయాపూల్ దగ్గర కోర్టులో నకళ్ల విభాగంలో చేరి, నకళ్ల విభాగంలోనే రిటైరయ్యారు. కాగితం మీద ‘అసలుకు సరియైన నకలు’ అని ముద్ర కొట్టడంలో ఆయనది తిరిగిన చెయ్యి. ఇప్పటికీ పెళ్లి పత్రిక చేతికిస్తే వెనక్కి తిప్పి ముద్ర కోసం వెతుకుతారు. సభ్యురాలు రుక్మాబాయి మా గల్లీలో జాకెట్లు కుడుతుంది. ఆది జాకెట్టు తెచ్చివ్వనిదే ఆమె కత్తెర ముట్టదు. నేను ఆ కోర్టు ఎదుటే జిరాక్సు దుకాణం నడుపుతున్నాను. కాపీ అంటే ఏమిటో మా ముగ్గురికన్నా తెలిసినవాళ్లు పాతబస్తీలో దొరకరని ఏకగ్రీవంగా మేమే తీర్మానించుకున్నాం.

సాయిలు కుటుంబానిది తాతల నాటి పాల వ్యాపారం. ఇందులో బర్రెలకు మేత వేయడం, కడగడం, పిండడం, వాటికి నలతగా ఉంటే రాత్రంతా పక్కన కూర్చోవడం ఆయన భార్య ఆండాలు పని. వ్యాపారం సాయిలు పని, అంటే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం. ఆండాలు దగ్గర రెండు క్యాన్లుంటాయి. ఒకదాంట్లో నీళ్లు కలిపిన పాలు, ఇంకోదాంట్లో కలపని పాలు. ఏది ఏదో ముందే చెప్పి పోస్తుంది. నీళ్లు కలిపానని నోటితో చెప్పే పాలామె హైదరాబాదు మొత్తంలో మాకే ఉందని మేం గొప్పగా చెప్పుకుంటాం. కొనేది మాత్రం చవగ్గా వస్తాయని ఆ నీళ్ల పాలే.

వీరి కుమారుడు వేణుగోపాల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఆ చదువు చదివినవాళ్లు సాధారణంగా చేసే పనికే పూనుకున్నాడు. సినిమా తీశాడు. కథ తన సొంతమని, కొట్టంలో బర్రెలకు మేత వేస్తుండగా ఉన్నట్టుండి తట్టిందని చెప్పాడు. అతను మేత వేయగా చూసినవాళ్లు ఎవరూ లేరు. అయినా సాయిలు నమ్మాడు. కన్నతండ్రి నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు? తన కొడుకు తలకాయలోంచి పుట్టిన కథ అని యాకుత్‌పురా దాకా పోయి మరీ చెప్పి వచ్చాడు.

ఇక చిత్ర విశేషాలు. కథంతా వానలో జరుగుతుంది. షూటింగు మే నెలలో జరిగింది. అందుకని సాయిలు నీళ్ల ట్యాంకర్ తెప్పించి, కొడుకు అడిగినచోటల్లా వాన కురిపించాడు. ఆ వాన నటుల మీద మాత్రమే పడింది. వెనక గోడకు కొట్టిన పిడకలు ఎండలో హాయిగా ఎండుతూనే ఉన్నాయి. హంతకుడు పసుపుపచ్చ రెయిన్‌కోటు వేసుకుని తిరుగుతాడు. డిటెక్టివుకు నిద్ర పట్టదు, అతను రెండు పుల్లలతో నూడుల్స్ తింటాడు. ఆ పుల్లలు పట్టుకోవడం చేతకాక పాపం ఆ నటుడు షూటింగున్న రోజంతా పస్తున్నాడు. అన్నిటికన్నా మెచ్చుకోవలసింది ఏమిటంటే, పాత్రలు ఎదురుపడ్డప్పుడల్లా నడుము దాకా వంగి లేస్తారు. కిషన్‌బాగ్‌లో ఇద్దరు మనుషులు కలిస్తే చెయ్యెత్తి సలాం అంటారు, లేకపోతే భుజం మీద ఒకటి చరుస్తారు. వంగడం మాకు కొత్త. ఎందుకలా వంగుతున్నారని అడిగితే అది పాత్ర లోతు అన్నాడు దర్శకుడు. హాల్లో జనం మాత్రం వాళ్లు ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నారనుకున్నారు.

తొలి ప్రదర్శన మా ఫంక్షన్ హాల్లో ఏర్పాటైంది. మొదటి హత్య జరిగింది. డిటెక్టివ్ వానలో నిలబడి శవాన్ని చూస్తున్నాడు. హాలంతా నిశ్శబ్దం. ఆ సమయంలో ముందు వరసలో ఉన్న ఆండాలు పక్కనే కూర్చున్న నీలమ్మతో మెల్లగా ఒక మాట అంది. ఆమె మెల్లగా అంటే కొట్టం ఆ చివరనున్న బర్రెకు వినపడేటంత.

“గీ డిటెక్టివే చంపిండు చూడు. మొన్న మావోడు ఫోన్ల చూసిన దాంట్ల గూడ గీయనే చంపిండు. గాళ్లు గూడ గిట్లనే వంగిండ్రు.”

నీలమ్మది యాకుత్‌పురా. రైల్వేలో పనిచేసే ప్రకాశం భార్య. చిన్నప్పుడు ఆండాలు వాళ్ల పక్కిల్లే. ఆమెకు కూడా మనసులో ఏదీ దాచుకునే అలవాటు లేదు. “మా ఎల్లేష్ తీసిన సీన్మల గూడ గీయనే అక్కా. అండ్ల గూడ ఒక్కటే వాన,” అంది.

తెర మీది సస్పెన్స్ అక్కడితో ముగిసి హాల్లో మొదలైంది.

నీలమ్మ కొడుకు ఎల్లేష్ పెళ్లి వీడియోలు తీస్తాడు. అంతకు కొద్ది నెలల ముందే ‘నల్ల తాళం’ అనే సస్పెన్స్ చిత్రం తీసి ఇంటర్నెట్లో పెట్టాడు. దాన్ని చూసినవాళ్లలో అత్యధికులు అతని బంధువులు. వేణుగోపాల్ తన సినిమాను నకలు కొట్టాడని అతను ప్రకటించాడు. ఎల్లేష్ సినిమా ఉన్నట్టే తనకు తెలియదని వేణుగోపాల్ ప్రకటించాడు. అంతలో ఎవరో తూర్పు దేశాల వాళ్లు తీసిన అసలు సినిమాను ఫోనులో వెతికి పట్టుకుని బస్తీ గ్రూపులో పెట్టేశారు. అప్పుడు ఇద్దరూ మాట మార్చి, తనది ఆ మహా దర్శకుడికి నివాళి అని, అవతలి వాడిది మాత్రం పచ్చి నకలని ఎవరికి వారు చెప్పుకున్నారు. నివాళి అన్న మాట విని సాయిలు ముందు ఎవరు పోయారని కంగారుపడ్డాడు. ఎవరూ పోలేదని, ఆ దర్శకుడు బతికే ఉన్నాడని తెలిశాక స్థిమితపడి, గేటు ముందు పదిమందినీ పోగుచేసి శపథం చేశాడు.

“నకలని తేలితే రేపటి సంది వీడు కొట్టంల పాలు పిండుతడు, సీన్మ పేరెత్తడు. నివాళి అని తేలితే ఉన్న బర్రెలన్నీ అమ్మి రెండో భాగం తీపిస్త. నేను దొంగకు తండ్రిని గాదు.”

ఈ విధంగా ఒక సినిమా గౌరవం, కొట్టంలోని బర్రెలు ఒకే తాటికి కట్టబడ్డాయి. తండ్రి శపథం విని కొడుకు ఛాతీ విరిచి నిలబడ్డాడు. లోపల పేడ ఎత్తుతున్న ఆండాలు ఆ మాటలు విని చేతులు కూడా కడుక్కోకుండా బయటికి వచ్చింది. సాయంత్రం నా దుకాణానికి వచ్చింది. జిరాక్సు తీయించుకోవడానికి ఆమె దగ్గర ఏ కాగితమూ లేదు.

“మా పోరన్ని దొంగ అనకుండ్రి అన్నా. నా బర్రెలను గూడ అమ్మనియ్యకుండ్రి. జెర రెండూ అయ్యేటట్టు చూడుండ్రి,” అంది.

సంఘం పరిధిలోకి ఆ రెండింట్లో ఒకటే వస్తుందని వివరించాను. ఆమె సరే అని తలూపి, కొంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. నాకు నిజంగా జాలేసింది. అయితే జాలి అనేది మా విచారణాంశాల్లో లేదు.

విచారణ సాయిలు కొట్టంలోనే, ఘటనాస్థలమని, పెట్టాం. మూడు సినిమాలూ ఫోనులో వరసగా చూశాం. వాన ఒకటే, రెయిన్‌కోటు ఒకటే, నిద్ర పట్టకపోవడం ఒకటే, హంతకుడూ ఒకడే. అసలు సినిమాలో భూగర్భ రైలుంటే, ఎల్లేష్ యాకుత్‌పురా స్టేషన్లో లోకల్ రైలు పెట్టాడు. వేణుగోపాల్‌కు రైలు అందక బర్రెల ట్రాలీ పెట్టాడు. తేడాల విషయానికొస్తే, ఒకరిది ఎర్ర గొళ్లెం, ఒకరిది నల్ల తాళం. అసలు సినిమాలో తలుపుకు గొళ్లెమూ లేదు, తాళమూ లేదు. కాబట్టి ఈ రెండూ స్వతంత్ర ఆలోచనలుగా గుర్తించాం. ఆ తూర్పు దేశపు సినిమా చివర్లో కూడా ఇంకో దేశపు దర్శకుడికి కృతజ్ఞతలు కనిపించాయి. దాన్ని కూడా పట్టుకుని పోదామని నాకుండింది గానీ, అది ఎంత దూరం పోతుందో తెలియదు, రుక్మాబాయికి పెళ్లిళ్ల సీజను జాకెట్లు పేరుకుపోయి ఉన్నాయి.

తర్వాత అధ్యక్షుల వారు లేచి ఉపన్యసించారు. “సోదర సోదరీమణులారా, లోకంలో అసలు అనేది ఎక్కడో రికార్డు గదిలో భద్రంగా ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు. జనం చేతుల్లో తిరిగేదంతా నకలే. నా చేతి మీదుగా వెళ్లిన నకళ్లతోనే ఎన్నో కొంపలు నిలబడ్డాయి, ఎన్నో కొంపలు కూలాయి. కనుక నకలును చిన్నచూపు చూడరాదు. ఇక నివాళి సంగతి. మన ఆండాలమ్మ పాలలో నీళ్లు కలుపుతుంది, కలిపానని చెబుతుంది. చెప్పి కలిపితే నివాళి. చెప్పకుండా కలిపితే నకలు. నేను ముగిస్తున్నాను.” తర్వాత ఇంకో పావుగంట మాట్లాడారు.

ఆయన సూత్రం అందరికీ నచ్చింది. కాకపోతే వేణుగోపాల్ పట్టుబడ్డాకే చెప్పాడు గదా అని ఎల్లేష్ లేచాడు. చెప్పడానికి గడువంటూ ఎక్కడా లేదని అధ్యక్షుల వారు తోసిపుచ్చి, తన ఓటు నివాళికే వేశారు. రుక్మాబాయి ఒప్పుకోలేదు. “ఆదికెల్లి కొలత తీస్కోవాలె గని, ఆదినే ఇస్త్రీ చేసి చేతుల పెట్టి కుట్టుకూలి అడిగితే గదేం పని?” అని నకలు అంది. ఒకరు అటు, ఒకరు ఇటు. అందరూ నా వైపు తిరిగారు. ఆండాలు కూడా నా వైపే చూసింది. నేను ఏమంటే ఆమెకు మంచిదో నాకు తెలియలేదు, ఆమెకూ తెలియదని ఆమె ముఖం చూస్తేనే అర్థమైంది.

అదే సమయానికి పాలు పిండే వేళ అయింది. బర్రెలకు మా విచారణతో పనిలేదు. ఆండాలు లేచి లచ్చి అనే బర్రె దగ్గరికి వెళ్లింది. లచ్చి ఈనిన వారంలోపే దుడ్డె చచ్చిపోయింది. దుడ్డె ఎదురుగా లేకపోతే బర్రె చేపదు, ఒక్క చుక్క పాలివ్వదు. అందుకని పాల మనుషులు ఎప్పటినుంచో చేస్తున్న పనే ఆండాలూ చేసింది. చచ్చిన దుడ్డె తోలు తీయించి, ఎండుగడ్డి కూరి, గోనె దారంతో కుట్టి, మళ్లీ దుడ్డెలాగా నిలబెట్టింది. కుట్టేటప్పుడు ఏడ్చిందట కూడా. దాన్ని తెచ్చి లచ్చి ముందు పెట్టగానే, లచ్చి మూతి చాచి దాని మెడ నాకడం మొదలుపెట్టింది. పొదుగు నిండింది. బకెట్లో పాలు జుయ్యిమన్నాయి. ఆ పాలతోనే సంఘానికి చాయ్ వచ్చింది. నీళ్లు కలపనివి.

వేణుగోపాల్ ఇంజనీరని చెప్పాను గదా. చాయ్ గ్లాసులు మా చేతుల్లోకి రాగానే ముందుకొచ్చాడు.

“పెద్దమనుషులు గిది చూడుండ్రి. గీ దుడ్డె నకలా? కాదు. పోయిన దుడ్డెకు నివాళి. లచ్చికి దుడ్డె దొరికింది, మా అమ్మకు పాలు దొరికినయ్, మీకు చాయ్ దొరికింది. గిండ్ల నష్టపోయింది ఎవరు, చెప్పుండ్రి?”

చేతిలో గ్లాసు పెట్టుకుని ఆ ప్రశ్నకు జవాబివ్వడం ఎంత కష్టమో అనుభవిస్తే గానీ తెలియదు. రుక్మాబాయి కూడా ఇంకో గుక్క తాగింది. చాయ్ చాలా బాగుంది. నేను నివాళి అన్నాను. చప్పట్లు మోగాయి. ఈ తీర్పు తన సినిమాకు కూడా వర్తిస్తుందని తెలిసి ఎల్లేష్ అందరికన్నా గట్టిగా కొట్టాడు. దర్శకులిద్దరూ ఒకరికొకరు నడుము దాకా వంగి లేచారు. సాయిలు అక్కడికక్కడే బర్రెల బేరగాడు ప్రేమ్‌రాజ్‌కు ఫోను కలిపి, పొద్దున్నే వచ్చి అన్నీ చూసుకొమ్మన్నాడు. ఆండాలు మాత్రం తల ఎత్తలేదు. లచ్చి డొక్కకు నుదురు ఆనించి అలాగే కూర్చుంది.

ఈ సందడిలో లచ్చిని ఎవరూ పట్టించుకోలేదు. అది నాకుతూనే ఉంది. నాకగా నాకగా, గోనె దారం నాని, దుడ్డె మెడ దగ్గర కుట్టు ఊడింది. లోపలి గడ్డి బయటికి వచ్చింది. లచ్చి ఆగింది. వాసన చూసింది. కాసేపు ఆ గడ్డినీ, మళ్లీ ఆ దుడ్డెనూ చూసింది. ఆ తర్వాత నింపాదిగా ఆ గడ్డి తినేసింది. కడుపులోది కూడా వదల్లేదు. తినడం అయ్యాక వెనక కాలు ఒక్కటి విసిరితే బకెట్ పోయి అధ్యక్షుల వారి ఒళ్లో పడింది. ఆండాలు తోలులో మళ్లీ నిండుగా గడ్డి కూరి, కుట్టి, ముందు పెట్టి చూసింది. లచ్చి ముఖం తిప్పుకుంది. దీన్ని ‘ప్రేక్షక స్పందన’ అన్న శీర్షిక కింద నమోదు చేద్దామా అని నేనడిగితే, విచారణ ముగిశాక జరిగింది కాబట్టి చెల్లదని అధ్యక్షుల వారు పంచె పిండుకుంటూ చెప్పారు.

ఆండాలు గడ్డి దుడ్డెను చూసింది. లచ్చిని చూసింది. సాయిలు చేతిలోని ఫోనును చూసింది. ఆ రోజంతటిలో మొదటిసారి ఆమె ముఖం తేటపడింది.

తెల్లారి ప్రేమ్‌రాజ్ వచ్చాడు. తీర్పు అమలును పర్యవేక్షించాలని నేనూ వెళ్లాను. అతను ఒక్కో బర్రె నోరు తెరిచి పళ్లు చూశాడు, పొదుగు చూశాడు, తోక ఎత్తి కూడా చూశాడు. బాగున్నాయన్నాడు. సాయిలు మీసం సవరించుకున్నాడు. ఆండాలు క్యాన్లు కడుగుతూ కడుగుతూ, తనకేమీ పట్టనట్టు అంది.

“తీస్కపోండ్రి భాయ్. కాకపోతే ముందే చెప్పాలె గదా. లచ్చి గడ్డి దుడ్డెను గుర్తుపట్టింది. దాన్ని చూసి మిగిలినవన్నీ నేర్చుకున్నయ్.”

ప్రేమ్‌రాజ్ పట్టుకున్న తోకను వదిలేశాడు. “నిజంగనా భాభీ?” అని అడిగాడు. ఆమె మెడ దగ్గర రెండోసారి కుట్టిన గడ్డి దుడ్డెను తెచ్చి చూపించింది.

“వామ్మో. పాలు తక్కువిచ్చేదైనా కొంట గని, గుర్తుపట్టే బర్రె నాకెందుకు? ఎవరు కొంటరు దాన్ని?” అని అతను అప్పటికప్పుడే బండి ఎక్కాడు. సాయంత్రానికల్లా ఈ వార్త కిషన్‌బాగ్ దాటి పోయింది. ఆ తర్వాత ఏ బేరగాడూ సాయిలు గేటు తొక్కలేదు.

మిగిలిన బర్రెలు నిజంగానే నేర్చుకున్నాయా అని మీరు అడగవచ్చు. వాటి దుడ్డెలు నిక్షేపంగా బతికే ఉన్నాయి, కాబట్టి పరీక్షించే అవకాశం రాలేదు. అయితే చెప్పింది ఆండాలు. నీళ్లు కలిపానని నోటితో చెప్పే మనిషి మాటకు మా ఏరియాలో తిరుగు లేదు. ఈసారి ఏమైనా కలిపిందో లేదో, కలిపితే ఎందుకు చెప్పలేదో నేను అడగలేదు. కొడుకు దొంగ కాలేదు, బర్రెలు అమ్ముడుపోలేదు. సంఘం పరిధిలోకి రాని పనిని ఆమె సొంతంగా పూర్తి చేసుకుంది. వేణుగోపాల్ వారం రోజులు మంచం దిగలేదు. సాయిలు గేటు దగ్గర కుర్చీలో తల పట్టుకుని కూర్చున్నాడు.

కానీ మన సమాజం కళను అంత తేలిగ్గా చావనివ్వదు. నివాళి అని తీర్పిచ్చి, రెండో భాగం లేకుండా పోతే తీర్పుకు విలువేముందని బాలరాజ్ గారు బాధపడ్డారు. దాంతో బస్తీ అంతా ముందుకొచ్చింది. ఇంటికింత అని మేమే వేసుకున్నాం. దర్శకులిద్దరూ ఏకమయ్యారు. చిత్రం పేరు ‘ఎర్ర తాళం’. రుక్మాబాయి రెయిన్‌కోట్లు కుడుతోంది. ఆది ఇచ్చారు. ట్యాంకర్ కూడా మాట్లాడేశాం. ఇందులో నాకూ ఒక వేషం దొరికింది. డిటెక్టివ్ ఎదురుపడ్డప్పుడు నడుము దాకా వంగి లేవాలి. రోజూ దుకాణంలో సాధన చేస్తున్నాను, మిషను వెనక ఏం పారేసుకున్నావని కోర్టుకు వచ్చే జనం అడుగుతున్నారు. హంతకుడెవరో మాకందరికీ తెలుసు. అయినా మొదటి ఆటకు టిక్కెట్లన్నీ ఇప్పుడే అయిపోయాయి.

లచ్చి కొట్టంలోనే ఉంది. గడ్డి దుడ్డె కనపడితే ముఖం తిప్పుకుంటోంది. సంతలో దానికి విలువ లేదు. ఆండాలు దానికి అందరికన్నా ముందు మేత వేస్తోంది.

ఇదంతా చదువుతుంటే, ఈ సంఘాన్నీ, ఈ శపథాన్నీ, ఈ తీర్పునూ ఎక్కడో ఇంతకుముందు చూసినట్టుందే అని మీకు మధ్యలో అనిపించే ఉంటుంది. అయినా ఆపకుండా ఇక్కడిదాకా వచ్చారు, సంతోషం. లచ్చి అయితే కుట్టు దగ్గరే ఆగిపోయేది.